ఖలుడే 'నేను' అని పాడితే: రాక్ పాటల్లో నవ్వించే దుర్మార్గం

పాతరికార్డు:
రాక్ సంగీతంలో హంతకుడో, మోసగాడో, ఒక్కోసారి సాక్షాత్తూ సాతానో మన ముందుకు వచ్చి పాడే పాటలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని వింటే నవ్వు వస్తుంది, ఆ నవ్వుతోపాటే ఒళ్ళు జలదరిస్తుంది. మరికొన్ని వింటే ఒళ్ళు మండుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతున్నదో అందరం కలిసి ఆలోచిద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఉదాహరణకు రెండు పాటలు తీసుకుందాం. మొదటిది బీటిల్స్ 1965లో తెచ్చిన 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌లోని చివరి పాట 'రన్ ఫర్ యువర్ లైఫ్'. ప్రియురాలు మరొకడితో కనిపిస్తే ప్రాణాలు దక్కవని ఒక మగవాడు అందులో హెచ్చరిస్తాడు. రెండవది అమెరికన్ గాయకుడు, గీతకర్త వారెన్ జెవాన్ 1978లో పాడిన 'ఎక్సైటబుల్ బాయ్'. ఇందులో ఒక కుర్రవాడు ఆదివారం వేసుకునే మంచి బట్టలతో భోజనానికి వచ్చి, వండిన మాంసాన్ని గుండెలకు పూసుకుంటాడు. తరువాత సినిమాహాలు చీకట్లో, సీటు చూపించడానికి వచ్చిన అమ్మాయి కాలు కొరుకుతాడు. ఆ తరువాత స్కూలు డాన్సుకు తీసుకువెళ్ళిన సూసీ అనే పిల్లపై అత్యాచారం చేసి చంపేస్తాడు. పదేళ్ళకు విడుదలై వచ్చి ఆమె సమాధిని తవ్వి, ఎముకలతో పంజరం కట్టుకుంటాడు.

నేరాల తీవ్రతతో కొలిస్తే మొదటి పాటలో ఉన్నది బెదిరింపు మాత్రమే, రెండవదానిలో ఉన్నది ఊహకందని ఘోరం. అయినా మొదటి పాట నాకు రోత పుట్టిస్తుంది, రెండవది వింటూ నవ్వుతాను. మొదటి పాటను రాసిన జాన్ లెనన్ కూడా తరువాతి కాలంలో దాన్ని తనకు నచ్చనివాటిలో ఒకటిగా చెప్పుకున్నాడు. ఈ వైరుధ్యానికి కారణం ఏమై ఉంటుందని మీరు భావిస్తున్నారు?

బేస్‌తీగ:
పాతరికార్డు గారూ, సమాధానం సాహిత్యంలో కంటే వాద్యాల కూర్పులోనే ముందు దొరుకుతుందని నా అభిప్రాయం. 'ఎక్సైటబుల్ బాయ్'లో పియానో మొదటినుంచి చివరిదాకా గంతులు వేస్తూ సాగుతుంది. మధ్యలో శాక్సఫోన్ వచ్చి పెళ్ళి ఊరేగింపులో వాయించినంత హుషారుగా వాయిస్తుంది. వెనుక కోరస్ పాడినవారు లిండా రాన్‌స్టాట్, జెనిఫర్ వార్న్స్. ఇద్దరివీ అమెరికన్ రేడియోలో మారుమోగిన తీయని గొంతులు. ఆ గొంతులను జెవాన్ ఎక్కడ వాడాడో గమనించండి. ప్రతి ఘోరం పూర్తయిన వెంటనే, వాడు కాస్త ఉద్రేకపడే కుర్రవాడు, అంతే కదా అని అందరూ సర్దుకునే మాట దగ్గర ఆ గొంతులు కలుస్తాయి.

అందుచేత ఈ పాటలో మాట్లాడుతున్నది కుర్రవాడు కాడు, ఇరుగుపొరుగు. మాంసం పూసుకున్నప్పుడూ అదే మాట, కాలు కొరికినప్పుడూ అదే మాట, హత్య జరిగినప్పుడూ అదే మాట. కోరస్ మారదు, నేరం మాత్రం పెరుగుతూ పోతుంది. మన నవ్వు ఆ మారని కోరస్ మీద పడుతున్నది కాబట్టే భరించగలుగుతున్నాం. 'రన్ ఫర్ యువర్ లైఫ్'లో ఇటువంటి రెండవ గొంతు లేదు. బాణీ సరదాగానే ఉంటుంది, గిటారు చలాకీగానే మోగుతుంది, కానీ ఆ మగవాడిని పక్కనుంచి చూసే కన్ను పాటలో ఎక్కడా కనిపించదు. అతను అన్నదే పాట అన్నది కూడా అయిపోయింది.

నల్లపలక:
బేస్‌తీగ గారి విశ్లేషణ బాగుంది, కానీ ఒక ప్రశ్న అడగకుండా ముందుకు వెళ్ళలేను. సూసీ మాటేమిటి? ఆ పాటలో ఆమెకు పేరు ఉంది, శవం ఉంది, ఎముకలు ఉన్నాయి, మాట మాత్రం లేదు. పొరుగువారి ఉదాసీనతను ఎండగట్టడానికి గీతకర్తకు ఒక ఆడపిల్ల శవం అవసరమైంది.

ఇది ఒక్క పాటకు పరిమితమైన సంగతి కాదు. పాల్ మెకార్ట్నీ 1969లో బీటిల్స్ 'ఆబీ రోడ్' ఆల్బమ్‌కు రాసిన 'మాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్'లో మెడిసిన్ చదివే మాక్స్‌వెల్ సుత్తితో మొదట చంపేది సినిమాకు రమ్మని తానే పిలిచిన జోన్‌ను, తరువాత క్లాసులో శిక్షించిన టీచరమ్మను, చివరికి జడ్జిని. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా నిజమైన దాగలి మీద కొట్టిన చప్పుడు వినిపిస్తుంది. చిన్నపిల్లలు ఆ చోట చప్పట్లు కొడతారు. ఈ పాటలన్నీ ఒకచోట పేర్చి చూస్తే చచ్చేది తరచుగా ఆడది, చమత్కరించేది దాదాపు ఎప్పుడూ మగవాడు. హాస్యం ఎవరి మీద పడుతున్నదని అడిగినట్టే, ఆ హాస్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారని కూడా అడగాలని నా మనవి.

డల్లాస్‌వాసి:
నల్లపలక గారి ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం వెతకాలంటే రాండీ న్యూమన్ దగ్గరకు వెళ్ళక తప్పదని నేను అనుకుంటున్నాను. ఖలుడి నోటితో పాడడంలో ఆయనను మించిన గీతకర్తను రాక్ సంగీతంలో నేను వినలేదు. ఆయన ఖలులకు కత్తులు ఉండవు, సుత్తులు ఉండవు. వాళ్ళు మర్యాదస్తులు.

1972లో వచ్చిన 'సెయిల్ అవే' పాటను దగ్గరగా చూడండి. ఆఫ్రికా తీరంలో నిలబడిన బానిసల వ్యాపారి అక్కడి మనుషులతో మాట్లాడుతున్నాడు. అమెరికాలో తిండికి లోటు ఉండదని, అడవుల్లో పరుగెత్తి కాళ్ళు గీరుకుపోయే పని ఉండదని, సింహాలూ పులులూ పాములూ ఉండవని, రోజంతా ఏసు పాటలు పాడుకుంటూ ద్రాక్షసారాయి తాగుతూ గడపవచ్చని ఊరిస్తాడు. ఓడ ఎక్కండి, సముద్రం దాటి చార్ల్స్‌టన్ రేవుకు పోదాం అని పిలుస్తాడు. దక్షిణ కరొలైనాలోని ఆ చార్ల్స్‌టన్ ఉత్తర అమెరికాలోకి బానిసలను దించిన అతి పెద్ద రేవుల్లో ఒకటి. పాటలో బానిసత్వం అన్న మాట లేదు, సంకెళ్ళు లేవు, కొరడా లేదు. వాద్యగోష్ఠి మాత్రం ఒక జాతీయగీతానికి కావలసినంత గంభీరంగా, అందంగా సాగుతుంది. చరణం నుంచి పల్లవికి వచ్చేసరికి తీగవాద్యాలు అలల్లాగా పైకి లేస్తాయి, వింటున్నవాడికి నిజంగానే ఓడ ఎక్కాలనిపిస్తుంది. అలా అనిపించిన మరుక్షణం, ఎవరి మాటలకు మనసు కదిలిందో గుర్తుకు వచ్చి సిగ్గు వేస్తుంది. ఈ పాటలో నవ్వు ఒక్క అక్షరంలో కూడా బాధితుల మీద పడదు. తన దేశం తన గురించి తాను చెప్పుకునే తీయని కథలన్నీ ఆ వ్యాపారి నోట పెట్టి వినిపించాడు న్యూమన్.

ఇంత నేర్పు ఉన్న మనిషికి కూడా చిక్కులు తప్పలేదు. 1977లో 'షార్ట్ పీపుల్' అని ఒక పాట చేశాడు. పొట్టివాళ్ళకు బతికే అర్హత లేదని వాదించే ఒక మూర్ఖుడు అందులో మాట్లాడతాడు. ద్వేషం ఎంత అర్థంలేనిదో చూపించడానికి వర్ణాన్నో మతాన్నో కాకుండా ఎత్తును ఎంచుకున్నాడు. పాట మధ్యలో మనుషులందరూ సోదరులే అన్న మాట కూడా వస్తుంది, అది ముగిసిన వెంటనే మూర్ఖుడు మళ్ళీ తన ధోరణిలోకి జారిపోతాడు. పాట బిల్‌బోర్డ్ పట్టికలో రెండవ స్థానం దాకా ఎక్కింది, దానితోపాటే నిరసనలూ పెరిగాయి. మేరీల్యాండ్ శాసనసభలో ఒక సభ్యుడు ఈ పాటను రేడియోలో వేయకుండా చేయాలని బిల్లు తెచ్చే ప్రయత్నం కూడా చేశాడు. అది నెగ్గలేదు.

కొత్తశ్రోత:
డల్లాస్‌వాసి గారూ, ఒక సందేహం. అంతమంది పొరబడ్డారంటే తప్పు వినేవారిదా, రాసినవాడిదా? కవి ఒకటి అనుకుని రాస్తే జనం దానికి విరుద్ధంగా తీసుకునే ప్రమాదం ఈ రకం పాటలకు ఎప్పుడూ ఉంటుంది కదా. 1983లో పోలీస్ అనే బ్యాండు చేసిన 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' పాటనే తీసుకోండి. వదిలిపోయిన స్త్రీ వేసే ప్రతి అడుగునూ కనిపెట్టి చూస్తానని ఒక మనిషి అంటాడు. అమెరికాలో ఎనిమిది వారాలు అగ్రస్థానంలో నిలిచిన ఆ పాటను ఈనాటికీ పెళ్ళిళ్ళలో ప్రేమగీతంగా వాయిస్తున్నారు. అది ఒక వెంటాడే మనిషి పాట అని దాన్ని రాసిన స్టింగ్ ఎన్నోసార్లు చెప్పాడు, అయినా ఫలితం లేదు.

డల్లాస్‌వాసి:
కొత్తశ్రోత గారూ, తప్పు ఎవరిదన్న లెక్క పక్కన పెడితే, రెండు పాటలూ ఒకే విధంగా అపార్థం కాలేదన్నది గమనించాలి. 'షార్ట్ పీపుల్' విన్నవారికి మూర్ఖుడు కనిపించాడు, కాకపోతే ఆ మూర్ఖుడు న్యూమనే అనుకున్నారు. 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' విన్నవారికి ఖలుడే కనిపించలేదు. రెండవది నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే వెంటపడి వేధించడాన్ని ప్రేమ అనుకునే అలవాటు వినేవారిలో ముందే ఉంది. పాట ఆ అలవాటును కదిలించలేకపోయింది. మన తెలుగు సినిమాల్లో హీరో హీరోయిన్ వెంటపడే పాటలను చూస్తూ పెరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వాటిలో ఖలుడి మాటలన్నీ ఉంటాయి, ఖలుడు అన్న స్పృహ మాత్రం ఉండదు.

పాతరికార్డు:
ఇక్కడ 'సింపథీ ఫర్ ది డెవిల్' ప్రస్తావన రావాలి. రోలింగ్ స్టోన్స్ 1968లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో రికార్డు చేసి, 'బెగర్స్ బాంక్వెట్' ఆల్బమ్‌కు మొదటి పాటగా పెట్టారు. గాయని మరియాన్ ఫెయిత్‌ఫుల్ చదవమని ఇచ్చిన, రష్యన్ రచయిత బుల్గాకొవ్ నవల 'ది మాస్టర్ అండ్ మార్గరీటా' ప్రభావం దీని మీద ఉంది. ఆ నవలలో సాతాను మాస్కో నగరానికి పెద్దమనిషి వేషంలో వచ్చినట్టే ఈ పాటలోనూ ఎంతో మర్యాదగా తనను తాను పరిచయం చేసుకుంటూ వస్తాడు. క్రీస్తుకు శిక్ష పడిన నాడు పిలాతు పక్కన ఉన్నానంటాడు, రష్యాలో జారు వంశం కూలినప్పుడు ఉన్నానంటాడు, హిట్లర్ యుద్ధంలో ట్యాంకు ఎక్కి తిరిగానంటాడు. పెద్దమనుషుల విందులో పాత ఉద్యోగాల గురించి చెప్పుకున్నంత తీరికగా ఇదంతా చెబుతాడు.

ఈ పాట పుట్టిన తీరును ఫ్రెంచి దర్శకుడు గొదార్ తన 'వన్ ప్లస్ వన్' చిత్రంలో కళ్ళకు కట్టినట్టు చూపించాడు. మొదట్లో అది నిదానంగా సాగే జానపద ధోరణి పాట. ప్రయత్నం మీద ప్రయత్నం చేస్తూ పోగా కాంగాలు, మరకాస్ అనే తాళవాద్యాలు వచ్చి చేరి సాంబా అనే బ్రెజిల్ నృత్యలయలోకి మారింది. నికీ హాప్కిన్స్ పియానో అందులో పరుగు తీస్తుంది. ఆ మార్పు లేకపోతే సాతాను మనకు ప్రవచనం చెప్పేవాడు, మార్పు జరిగాక మనచేత అడుగులు వేయిస్తున్నాడు. వెనుకనుంచి వచ్చే 'ఊ ఊ' అనే కోరస్‌తో గొంతు కలపని శ్రోత ఉండడు. బేస్‌తీగ గారు ఇరుగుపొరుగు గురించి అన్న మాట ఇక్కడికీ వర్తిస్తుంది. ఆ 'ఊ ఊ' అంటున్నది మనమే.

ఒక విషయం మరీ చెప్పుకోదగినది. పాట రికార్డు అవుతున్న రోజుల్లోనే, 1968 జూన్ మొదటి వారంలో, లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ కెనెడీ హత్య జరిగింది. అంతవరకు పాటలో అతని అన్న, అధ్యక్షుడు జాన్ కెనెడీ ఒక్కడి హత్య గురించే ప్రశ్న ఉండేది, అప్పుడు దాన్ని ఇద్దరికీ వర్తించేలా బహువచనంలోకి మార్చారు. ఆ ప్రశ్నకు సాతాను ఇచ్చే సమాధానం, మీరూ నేనూ కలిసే ఆ పని చేశామని. తప్పంతా తన మీద వేసుకుంటాడని ఎదురుచూసిన శ్రోతను ఆ ఒక్క వాక్యంతో బోనులోకి లాగాడు.

రంగస్థలం:
ఇప్పటిదాకా సాహిత్యం, సంగీతం గురించి మాట్లాడుకున్నాం. వేషం గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను అక్కడినుంచి మొదలుపెడతాను.

1956లో స్క్రీమింగ్ జే హాకిన్స్ 'ఐ పుట్ ఎ స్పెల్ ఆన్ యూ' పాడాడు. మొదట మామూలు విరహగీతంలా తలపెట్టిన ఆ పాట, తాగిన మత్తులో జరిగిన రికార్డింగులో అరుపులు, మూలుగులు, వికటాట్టహాసాలతో తయారైంది. అలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత ప్రోద్బలంతో హాకిన్స్ వేదిక మీదికి శవపేటికలోనుంచి లేచి రావడం మొదలుపెట్టాడు. చేతిలో కర్రకు గుచ్చిన పుర్రె ఉండేది, దానికి హెన్రీ అని పేరు కూడా పెట్టాడు. రాక్ వేదిక మీద సరదా రాక్షసులందరికీ మూలపురుషుడు ఆయనే.

ఆ వరసలో వచ్చిన ఆలిస్ కూపర్ చేసిన పని మరింత ఆలోచించదగినది. కొండచిలువను మెడలో వేసుకుని, కళ్ళ చుట్టూ నల్లరంగు పూసుకుని నానా దుర్మార్గాలూ అభినయించేవాడు. కానీ ప్రదర్శన చివరికి వచ్చేసరికి ఆ ఖలుడికి శిక్ష పడాల్సిందే. 1971 నాటి ప్రదర్శనల్లో ఉరికంబం ఎక్కించారు. 1973లో గిలటిన్ కింద తల నరికారు. ఆ యంత్రాన్ని రూపొందించినవాడు జేమ్స్ రాండీ, బాబాల, అతీంద్రియ శక్తుల గుట్టు రట్టు చేసిన ఐంద్రజాలికుడిగా మన హేతువాదులకు కూడా చిరపరిచితుడు. ఆ యాత్రలో తలారి వేషం కూడా ఆయనే వేశాడు. తల తెగిపడిన తరువాత కూపర్ తెల్లటి సూటు, తెల్లటి టోపీతో తిరిగి వచ్చి పాట అందుకునేవాడు.

మన పౌరాణిక నాటకాలు చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కీచకుడో, దుర్యోధనుడో పద్యం అందుకుంటే వన్స్‌మోర్ అని కేకలు వేసే ప్రేక్షకుడు అధర్మాన్ని సమర్థిస్తున్నట్టు కాదు. ఆ పాత్ర తెల్లవారేలోగా చస్తుందని అతనికి తెలుసు, తెలిసే ఆ దర్పాన్ని రాగయుక్తంగా ఆస్వాదిస్తున్నాడు. ఎన్.టి. రామారావు 1961లో 'సీతారామ కళ్యాణం'లో రావణుడిగానూ, 1977లో 'దాన వీర శూర కర్ణ'లో సుయోధనుడిగానూ కనిపించినప్పుడు జనం ఆ పాత్రలకు నీరాజనాలు పట్టారు. వేషానికీ మనిషికీ మధ్య ఉన్న గీత మన ప్రేక్షకుడికి ఎప్పుడో అలవాటైన విషయం. అమెరికాలో మాత్రం ఆ గీతను సెనెట్ ముందు నిలబడి వివరించవలసి వచ్చింది. 1985 సెప్టెంబరు 19న రాక్ పాటల సాహిత్యం మీద జరిగిన విచారణలో ట్విస్టెడ్ సిస్టర్ గాయకుడు డీ స్నైడర్, హింసాత్మకమైనదని ముద్ర వేసిన తన 'అండర్ ది బ్లేడ్' పాట నిజానికి తమ గిటారిస్టుకు జరిగిన గొంతు ఆపరేషన్, దానివల్ల కలిగిన భయం గురించి రాసినదని సభ్యులకు చెప్పుకున్నాడు.

నల్లపలక:
రంగస్థలం గారి పోలిక నాకు నచ్చింది, అయితే అందులోనే నా అభ్యంతరం కూడా ఉంది. కీచకుడి కథలో ద్రౌపది ఉంది, ఆమెకు మాట ఉంది, ఆమె అడిగినందుకే కీచకుడు చచ్చాడు. ప్రేక్షకుడు నిశ్చింతగా వన్స్‌మోర్ అనగలగడానికి కారణం ఆమె. రాక్ పాటల్లో అటువంటి స్త్రీ గొంతు దొరికిన సందర్భాలను వెతికితే కొన్ని కనిపించాయి.

నిక్ కేవ్ 1996లో తన బ్యాండుతో కలిసి 'మర్డర్ బాలడ్స్' అనే ఆల్బమ్ మొత్తాన్ని హత్యలతోనే నింపాడు. అందులో 'వేర్ ది వైల్డ్ రోజెస్ గ్రో' పాటలో చంపేవాడి మాటలు కేవ్ పాడితే, చచ్చిపోయే అమ్మాయి మాటలు కైలీ మినోగ్ పాడింది. అతడు మూడు రోజుల ప్రేమకథ చెబుతుంటే, అవే మూడు రోజులను ఆమె తన వైపునుంచి చెబుతుంది. అదే ఆల్బమ్‌లో 'హెన్రీ లీ' అనే పాత జానపద కథలో పి.జె. హార్వీ పాడిన స్త్రీ ప్రియుడిని కత్తితో పొడిచి బావిలో పడేస్తుంది. 'ది కర్స్ ఆఫ్ మిల్‌హేవెన్'లో మాట్లాడేది పదిహేనేళ్ళ లోపు పిల్ల. ఊళ్ళో జరిగిన చావులన్నీ ఒక్కొక్కటిగా వల్లిస్తూ, ప్రతిదాని తరువాతా అందరూ చావాల్సినవాళ్ళే కదా అని తలాడించి, చివరికి వాటిలో తన చేయి ఉన్న సంగతి బయటపెడుతుంది. ఆ పాట సారాయి అంగడిలో బల్లలు చరుస్తూ పాడుకునేటంత ఊపుగా ఉంటుంది.

రాక్ కాదు, కంట్రీ సంగీతమే అయినా 'గుడ్‌బై ఎర్ల్' పాటను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. డెనిస్ లిండే రాయగా, అప్పట్లో డిక్సీ చిక్స్ అన్న పేరుతో ఉన్న ముగ్గురు స్త్రీల బ్యాండు పాడింది. భార్యను ఆసుపత్రి పాలు చేసిన భర్తను, ఆమె, ఆమె చిన్ననాటి స్నేహితురాలు కలిసి అలసందల కూరలో విషం కలిపి చంపేస్తారు. ఊళ్ళో ఎవరికీ అతడు లేని లోటు అనిపించదు, ఇద్దరూ రోడ్డు పక్కన దుకాణం పెట్టుకుని హాయిగా బతుకుతారు. 2000లో దీనిని సింగిల్‌గా విడుదల చేసినప్పుడు కొన్ని రేడియో కేంద్రాలు వేయడానికి ఒప్పుకోలేదు, మరికొన్ని పాటతోపాటు గృహహింస బాధితులకు సహాయం అందించే ఫోన్ నంబర్లు చదివి వినిపించాయి. భార్యలను, ప్రియురాళ్ళను చంపే పాటలు దశాబ్దాలుగా నిరాటంకంగా మోగిన చోట, ఒక్క ఎర్ల్ చచ్చేసరికి ఇంత చర్చ జరిగింది. ఈ సంగతి నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

బేస్‌తీగ:
నల్లపలక గారి కోపం సబబే. ఆ పాట ఊపిరి తిప్పుకోనివ్వని హుషారు వెనుక ఉన్న నేర్పు కూడా తక్కువది కాదు, ముగ్గురూ స్వరాలు కలిపి ఎర్ల్‌కు వీడ్కోలు పలికే చోట అది తెలుస్తుంది.

నేను మరో పాట గురించి చెప్పాలి. టాకింగ్ హెడ్స్ బ్యాండు 1977లో తెచ్చిన 'సైకో కిల్లర్'. న్యూయార్కులో 'సన్ ఆఫ్ శామ్' అని పేరుపడిన హంతకుడు పట్టుబడిన సంవత్సరమే అది విడుదల కావడంతో, ఆ హంతకుడి మీదనే రాశారని చాలామంది అనుకున్నారు. పాట అంతకంటే కొన్నేళ్ళ ముందే పుట్టింది. డేవిడ్ బర్న్ దీని గురించి చెప్పిన మాట ఈ చర్చకు తాళంచెవి వంటిది: ఆలిస్ కూపర్ వచ్చి రాండీ న్యూమన్ తరహా పాట పాడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రాయడం మొదలుపెట్టానన్నాడు. రంగస్థలం గారి కూపర్, డల్లాస్‌వాసి గారి న్యూమన్ ఇద్దరూ ఒకే పాటలో ఉన్నారన్నమాట.

పాట మొదలయ్యేది టీనా వేమత్ బేస్ గిటారుతో. అలంకారం లేదు, తొందర లేదు, గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్న మనిషి అడుగుల్లా ఒక్కొక్క స్వరమే పడుతుంది. తరువాత వచ్చే గొంతులో క్రౌర్యం వినిపించదు, నరాల బలహీనత వినిపిస్తుంది. నిద్రపట్టడం లేదని, తనను ముట్టుకోవద్దని, జనానికి మర్యాద తెలియదని విసుక్కుంటాడు. మధ్యలో ఉన్నట్టుండి ఫ్రెంచిలోకి వెళ్ళిపోతాడు. పాట మొత్తంలో ఒక్క హత్య కూడా జరగదు. ఇతడు హంతకుడని మనకు తెలిసేది పల్లవిలో తనకు తాను వేసుకున్న పేరువల్లనే, ఆ పల్లవిలోనే మనల్ని పారిపొమ్మని కూడా చెబుతాడు. ఇక్కడ శవం లేదు, బాధితురాలు లేదు, నవ్వుకు మూల్యం చెల్లించవలసినవాళ్ళు ఎవరూ లేరు. హంతకుడి మనసు లోపలి కంగారునే హాస్యానికి ముడిసరుకు చేసుకున్నాడు బర్న్. నల్లపలక గారు మొదట అడిగిన ప్రశ్నకు ఇది ఒక గీతకర్త ఇచ్చిన జవాబు అని నేను అనుకుంటాను.

కొత్తశ్రోత:
ఈ ధోరణి రాక్ సంగీతంతోనే పుట్టిందా? అంతకుముందు ఎక్కడైనా ఉందా?

డల్లాస్‌వాసి:
చాలా ముందునుంచే ఉంది. రెండు పాయలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి యూరప్‌ది. 1928లో బెర్లిన్‌లో నాటకకర్త బ్రెఖ్ట్, స్వరకర్త వైల్ కలిసి చేసిన 'త్రీపెన్నీ ఒపేరా' వీధిగాయకుడి పాటతో మొదలవుతుంది, హంతకుడైన మకీత్ చేసిన ఘనకార్యాలను వరసగా ఏకరువు పెడుతుంది. అదే 'మాక్ ది నైఫ్'గా 1959లో బాబీ డారిన్ గొంతులో అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. రక్తం కారుతున్న కథకు జనం చిటికెలు వేశారు.

రెండవది నల్లజాతివారి పాటల పాయ. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్ నగరంలోని ఒక సెలూన్‌లో లీ షెల్టన్ అనే మనిషి టోపీ దగ్గర వచ్చిన గొడవలో బిల్లీ లయన్స్‌ను కాల్చి చంపాడు. ఆ సంఘటన 'స్టాగర్ లీ'గా వందల రూపాలు ఎత్తింది. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో ఎంతో మృదువుగా, పోలీసులు ఏమి చేస్తున్నారని నిలదీస్తూ పాడాడు. లాయిడ్ ప్రైస్ పాడిన హుషారైన రూపం 1959లో అగ్రస్థానానికి వెళ్ళింది, టెలివిజన్‌లో పాడడానికి మాత్రం హత్య తీసేసి ఇద్దరినీ రాజీ చేసిన మరో రూపం తయారుచేయవలసి వచ్చింది. నిక్ కేవ్ 'మర్డర్ బాలడ్స్'లో అదే మనిషిని చెవులు మూసుకోవలసినంత నీచుడిగా మార్చాడు. తెల్లవారి చట్టం ముందు తల వంచని నల్లజాతి మొనగాడిగా మొదటి శ్రోతలకు కనిపించిన మనిషి, కేవ్ దగ్గరికి వచ్చేసరికి తలవంచవలసిన అవసరమే లేని రాక్షసుడయ్యాడు. ఈ మార్పులో పోయినదే ఎక్కువని నా అభిప్రాయం. మొదటి పాటల్లో ఖలుడి మీద అభిమానానికి ఒక చరిత్ర ఉంది.

కంట్రీ గాయకుడు జానీ కాష్ సంగతి కూడా చెప్పాలి. 1955లో వచ్చిన 'ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్'లో, చస్తుంటే చూడాలని ఒక మనిషిని కాల్చానని ఖైదీ చెప్పే వాక్యం అందరికీ తెలిసిందే. 1968లో ఫోల్సమ్ జైలులోనే చేసిన ప్రదర్శన రికార్డులో ఆ వాక్యం దగ్గర ఖైదీల హర్షధ్వానం వినిపిస్తుంది. ఆ ధ్వని తరువాత స్టూడియోలో అతికించినది. జైలులో ఉన్నవారు ఆ చోట కేకలు వేయలేదు. హత్యకు చప్పట్లు కొట్టే ఖైదీలు ఉంటే బాగుంటుందని అనుకున్నది రికార్డు కొని ఇళ్ళలో వినే శ్రోతల కోసం పనిచేసినవారు.

రంగస్థలం:
డల్లాస్‌వాసి గారు చెప్పిన చివరి సంగతి చాలా విలువైనది. ఖలుడి పాటకు శ్రోత ఎలా స్పందించాలో కూడా రికార్డులోనే రాసిపెట్టారన్నమాట. ఆలిస్ కూపర్ ప్రదర్శనలో శిక్ష కళ్ళ ముందు జరిగేది, ఈ రికార్డులో చప్పట్లు ముందే సిద్ధంగా ఉన్నాయి. కాష్ పాటలోని ఖైదీ నిజానికి గర్వపడడం లేదు, దూరంగా వెళ్తున్న రైలు కూత విని కుమిలిపోతున్నాడు. ఆ అతికించిన కేకలు పాటను దాని తరువాతి వాక్యంనుంచే విడదీశాయి.

నల్లపలక:
అయితే నాదొక చివరి ప్రతిపాదన. ఖలుడి మాటలు ఎవరి నోటినుంచి వస్తున్నాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. న్యూమన్ 'సెయిల్ అవే'ను నల్లజాతి గాయని ఎటా జేమ్స్ 1973లో పాడింది. ఆమె ఆ ఆల్బమ్‌లో న్యూమన్‌దే మరో పాట 'గాడ్స్ సాంగ్' కూడా ఉంది. అందులో మాట్లాడేవాడు దేవుడు. ఊళ్ళు కాల్చేసినా, బిడ్డలను తీసుకుపోయినా మనుషులు తననే స్తుతిస్తున్నారని, అందుకే వాళ్ళంటే తనకు ఇష్టమని చెబుతాడు. 'సెయిల్ అవే'ను న్యూమన్ పాడినప్పుడు మనకు ఒక తెల్లజాతి గీతకర్త బానిసల వ్యాపారి వేషం కట్టడం వినిపిస్తుంది. ఆ వ్యాపారి ఎవరిని ఓడ ఎక్కించాడో వారి వంశంలో పుట్టి, చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన స్త్రీ అవే మాటలు పాడినప్పుడు ఒక్క అక్షరం మారకుండానే వేషం తలకిందులవుతుంది. సూసీకి మాట లేదని నేను మొదట అన్నాను. ఎటా జేమ్స్ ఇక్కడ చేసినది, బాధితుల వైపునుంచి వచ్చి ఖలుడి మాటనే లాక్కోవడం.

బేస్‌తీగ:
నల్లపలక గారూ, ఆ రెండు రూపాలనూ ఒకదాని వెంట ఒకటి వినమని అందరికీ చెబుతాను. న్యూమన్ గొంతులో వ్యాపారి మాటలు కాస్త నత్తిగా, బద్ధకంగా జారుతాయి, తాను అబద్ధం చెబుతున్నానన్న ఎరుక అతనికి లేనట్టే ఉంటుంది. ఎటా జేమ్స్ ప్రతి వాగ్దానాన్నీ పూర్తి బలంతో పాడుతుంది. ముందు న్యూమన్‌ది వినండి, తరువాత ఆమెది, సముద్రం దాటి రేవుకు చేరే వాక్యం దగ్గర ఇద్దరి గొంతుల మీద దృష్టి పెట్టండి. ఆ తరువాత పాతరికార్డు గారు మొదట పెట్టిన 'రన్ ఫర్ యువర్ లైఫ్'ను ఒక స్త్రీ పాడితే ఏమవుతుందన్న ప్రశ్న మీద మాట్లాడుకోవచ్చు. నాన్సీ సినాత్రా 1966లోనే దానిని పాడి చూపించింది.